మా కృప పేరు చదవొద్దు

పాస్టరు అయ్యగారికి కృపారాణి అమ్మమ్మ చెప్పి రాయిస్తున్న వందనాలు.

మా మనవరాలికి గర్భఫలం కోసం ప్రార్థించమని నాలుగేళ్ల కిందట చీటీ వేయించింది నేనే. అప్పట్నుంచి ప్రతి ఆదివారం మీరు దాన్ని మైకులో చదువుతున్నారు. ఆరాధన అవగానే ఆడవాళ్లంతా మా పిల్ల పొట్ట వంక చూసి "ఏమ్మా, విశేషమా?" అంటారు. రెండు నెలలుగా అది చర్చికి రావడమే మానేసింది.

తెనాలి డాక్టరమ్మ పొట్టలోకి గొట్టం వేసి చూసింది. జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్ అంట. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట పెరిగి అండాశయాలకు, పేగులకు అతుక్కుపోయిందట. కడుపు పండకపోవడానికి అదే కారణం కావచ్చంది. సోమవారం ఐవీఎఫ్ సూదులు మొదలు. అయినా గర్భం వస్తుందని నమ్మకంగా చెప్పలేమంటున్నారు.

"ఇన్నేళ్లు ఈ నొప్పి ఎలా భరించావమ్మా?" అని ఆవిడ అడిగితే మా పిల్ల నా వంక చూసింది. పద్నాలుగో ఏట అది ముట్టునొప్పితో మెలికలు తిరిగి ఏడుస్తుంటే "ఆడపుట్టుకకి ఇది మామూలే, లేచి బడికి పో" అన్నది నేను. పెళ్లయ్యేదాకా నెలనెలా అదే మాట అన్నాను.

ఆ చీటీ తీసేయండి. ఇది రాస్తున్న దాని మొగుడు ఫిన్నీ "అయ్యగారు నొచ్చుకుంటారేమో అమ్మమ్మా" అంటున్నాడు. "నాలుగేళ్లలో ఒక్కసారైనా నీ పేరు చదివారంట్రా? నోరు మూసుకుని రాయి" అన్నాను.

ఈ ఆదివారం మైకులో పేరు చదవాలంటే నాది చదవండి. నొప్పి అని ఏడ్చిన పిల్ల నోరు మూయించిన ముసలిది క్షమించమంటోందని చదవండి. ముందు చాప మీదే కూర్చుంటాను. ఈసారి అందరూ నా వంక చూడనీయండి.