పెళ్లి కుస్కుస్

కసంతీనా, అల్జీరియా
1962 ఆగస్టు

చిరంజీవి లఖ్దర్‌ను నానమ్మ దీవించి రాస్తున్నది. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం, నా మోకాళ్లూ ఈ దేశమూ తప్ప. ట్యూనిస్‌లో మన సైన్యం ఆసుపత్రిలో వాళ్లకూ వీళ్లకూ మందులిస్తూ నువ్వు తిండి మానేయడం లేదు కదా?

“స్వాతంత్ర్యం ఎలా ఉంది నానమ్మా?” అని అడిగావు. గట్టిగా ఉంది. వీధికో లౌడ్‌స్పీకరు. జులైలో డాబా ఎక్కి సంతోషంతో కేకలు పెట్టీ పెట్టీ గొంతు పోగొట్టుకున్నాను. ఇప్పుడు తిరిగొచ్చింది, తిట్టడానికి. ఫ్రెంచివాణ్ణి సాగనంపడానికి నూట ముప్పై ఏళ్లు పట్టింది. మనవాళ్ల మీద విసుగు రావడానికి నెల చాలింది.

నీ చెల్లెలి సంగతీ అడిగావు. రెండేళ్లు కొండల్లో మన పోరాటయోధుల గాయాలకు కట్లు కట్టిన పిల్ల, ఊరికే కూర్చుంటుందా? వీధి చివరి చిన్న బడిని ఫ్రెంచి పంతులమ్మ వదిలేసి పోయింది. యమీనా గోడల మసి కడిగి, అక్టోబరుకు ఆడపిల్లలకు బడి తెరుస్తానంది. అంతలో బూజెమా వచ్చాడు. యుద్ధమంతా ఫ్రెంచి సైన్యానికి కూరగాయలు మోసి, మార్చిలో కాల్పులు ఆగిన మర్నాడు మిలిటరీ చొక్కా తొడిగిన మనిషి. ఇలాంటివాళ్లను ఇక్కడ మార్చి వీరులంటున్నాం.

“కమిటీ ఈ బడిని నాకు ఇల్లుగా ఇచ్చింది చెల్లీ, రేపే సామాను తెస్తున్నా. కొండ దిగావుగా, ఇక వంటిల్లు చూసుకో” అన్నాడు.

“నా చేతిలో తుపాకీ ఉన్నప్పుడు వచ్చి చెప్పాల్సింది అన్నా, ఈ సలహా” అంది యమీనా.

అని ఇంటికొచ్చి గోడకేసి తిరిగి పడుకుంది. ఫ్రెంచివాళ్లు వదిలిన ఇళ్లు పంచే ఆ కమిటీకి నేను పోయాను. “పెద్దదానివి, కూర్చో లల్లా” అని గౌరవంగా పిలిచి కాఫీ ఇచ్చారు. కాఫీ ఒక్కటే ఇచ్చారు.

మర్నాడు పొద్దున్నే పక్కింటి హలీమాను, వీధిలోని ఆడవాళ్లందరినీ పిలిచి, బడి వాకిట్లో దుప్పట్లు పరిచాను. రవ్వ తడిపి, అరచేతులతో నలిపి, జల్లించి, ఎండబెట్టి పెళ్లి కుస్కుస్ చేయడానికి కూర్చున్నాం. బూజెమా మంచం బండి మీద వేసుకొచ్చి, ఆడవాళ్లున్న చోటికి వచ్చే మగవాడు అరవాల్సినట్టే గుమ్మం బయటినుంచి అరిచాడు.

“దారి! దారి!”

“దారి లేదు!” అన్నాం అందరం.

“ముసుగులు తీసి కూర్చున్నాం నాయనా. రావాలనుంటే రా, మీ అమ్మ కూడా ఇక్కడే ఉంది!” అంది హలీమా.

నిజంగానే ఉంది, జల్లెడ పట్టుకుని. పాపం, వీరుడు మంచం వీధిలో దించుకుని దాని మీదే కూర్చున్నాడు. మధ్యాహ్నానికి యమీనా లేచి వచ్చింది. కట్లు కట్టే చేతికి కుస్కుస్ రాదు. అంతా ఉండలు కట్టించింది. అయినా నవ్వింది.

ఇంతసేపూ చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు. పెళ్లెవరిదని అడిగితే నీదన్నాను. పిల్లెవరంటే, ట్యూనిస్ పిల్ల అన్నాను. వీధంతా నిన్ను దీవిస్తోంది. కుస్కుస్ ఎండితే మేం లేవాలి, ఎండేమో మండిపోతోంది. ఎవరూ చూడనప్పుడు నీళ్లు చల్లుతున్నాను. ఎన్నాళ్లని చల్లను?

ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. అందగానే సెలవు పెట్టి, నీ యూనిఫారంలోనే రా. ఆడపిల్ల మాట వినని కమిటీ దానికైనా లేచి నిలబడుతుందేమో. పెళ్లికూతురు దొరక్కపోతే ఒక నల్లబల్ల పట్టుకురా. బూజెమా మంచం పక్కనుంచే లోపలికి మోయించు. చేసిన కుస్కుస్ ఎలాగూ ఊరికి పెట్టాలి. బడి తెరిచిన రోజు పెడదాం.

ఇట్లు,
లౌడ్‌స్పీకరు అక్కర్లేని నీ నానమ్మ,
జుహూర్