ఆశమ్మ మెస్సుకు విదేశీ నిధి

చిక్కడపల్లి,
మే 12

చిరంజీవి రమాకాంత్‌కు,

జోగారావు, పక్కనే నిలబడి ఏం రాయాలో చెబుతున్న సుబ్బులు, ఇద్దరం కలిసి దీవించి రాస్తున్నది. హిమాయత్‌నగర్‌లో ఉన్నవాడికి ఫోను చేస్తే పోయేదానికి ఉత్తరమెందుకని నవ్వుకుంటున్నావేమో. ఫోనులో నాకు సగమే వినపడుతుంది. ఆ సగం కూడా నాకు నచ్చినట్టు వినపడుతుందని సుబ్బులు ఫిర్యాదు. పైగా ఇది ఆఫీసు పని. సర్కారు గుమాస్తాగా రిటైరైనవాణ్ణి, కాగితం మీద లేనిది జరిగినట్టు కాదని నాకు తెలుసు.

విషయానికొస్తాను. మా ఇంట్లో నువ్వు అద్దెకున్న గదిలో ఇప్పుడు భానుప్రకాశ్ అనే కుర్రాడున్నాడు. గ్రూప్స్‌కు చదువుతున్నాడు. ఎన్నేళ్లుగా అని అడగకు, పాపం. అతను చెప్పాడు నీ ఉద్యోగం సంగతి. పొగలు వదిలి ఎండల్నీ వానల్నీ పాడుచేసిన గొప్ప దేశాల దగ్గర డబ్బు తీసుకుని, ఆ వానల్లో మునిగే మనలాంటి వాళ్లకు కాలువలూ గట్లూ కట్టుకోమని ఇస్తారట గదా మీరు. నాయనా, మునగడంలో మన సందును మించింది చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ మూడింట్లోనూ ఉంటే చూపించు.

నాన్నగారు కాకినాడ నుంచి ఉద్యోగానికి ఇక్కడికొచ్చేసరికి నేను చంకబిడ్డను. నా చిన్నతనంలో వానంటే పండగ. నీళ్లు గలగలమంటూ కాలువలో పడి నాలాకు పోయేవి, వాటి వెనకే మా కాగితం పడవలు, పడవల వెనక మేము, మా వెనక బెత్తంతో నాన్నగారు. ఇప్పుడు మబ్బు పడితే చాలు, సందు చివర ఆశమ్మ తన మెస్సులో గ్యాసు పొయ్యిని బల్ల మీదికి ఎక్కిస్తుంది. పోయినేడు బియ్యం బస్తాలన్నీ తడిసి ముక్కిపోయాయి. మొన్న నన్ను పిలిచి చెప్పింది.

"ఈ వానకాలం నీళ్లు లోపలికొస్తే మెస్సు బంద్ జేస్త సారూ. ఇగ నాతోని గాదు."

హాస్యానికి అన్న మాట కాదు. అడిక్‌మెట్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోతుందట. ఆ మెస్సు మూతపడితే ఈ హాస్టలు పిల్లలేం తింటారో, సాయంత్రం పూట ఆ పోపు వాసన లేకపోతే ఈ సందులోకి నేను దేనికి తిరిగి రావాలో తోచడం లేదు. ఆమె చేతి అన్నం తినే కదా నువ్వు ఆఫీసరువయ్యావు. ఏదో ఒకటి చెయ్యి.

ఇట్లు నీ పాత ఇంటి ఓనరు,
జోగారావు

తా.క.: వంకాయ కూర వండిన రోజు ఆశమ్మ ఇప్పటికీ "నా పరేషాన్ పిల్లగాడు" అని నిన్ను తలుచుకుంటుంది. కారణం చెప్పదు. ఆ గుట్టేమిటో రాయి.


హిమాయత్‌నగర్,
మే 20

జోగారావు సారుకు, అమ్మగారికి,

రమాకాంత్ వంగి మొక్కి రాసుకునేది. మీ ఉత్తరం చదువుతుంటే మా ఆఫీసు ఏసీ గదిలో కూడా పోపు వాసన వచ్చింది సార్. నాలుగేండ్లయింది అటు రాక. ఇక్కడికీ అక్కడికీ నడిచి వచ్చేంత దూరమే, అయినా రేపు రేపు అనుకుంటూనే గడిచిపోయింది.

మా నిధి సంగతి జర విప్పి చెప్తా. డబ్బు ముందు విదేశంలో ఒక పెద్ద ఆఫీసుకు చేరుతుంది. అక్కడి నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి మాకు. ప్రతి మజిలీలో ఒక వర్క్‌షాపు, వర్క్‌షాపులో భోజనాలు. భోజనాలు పోగా మిగిలింది కాలువలకు. అయినా మన సందు పేరు పంపించిన. జూన్‌లో నార్వే నుంచి ఇన్‌గ్రిడ్ మేడం వచ్చి స్వయంగా చూసి మార్కులు వేస్తుంది. నూటికి డెబ్బై దాటితేనే నిధి. సందులో అందరికీ చెప్పి తయారుగా ఉండండి.

మీ కిరాయిదారుడు, ఎప్పటికీ,
రమాకాంత్

తా.క.: గుట్టేం లేదు సార్. కొత్తలో మళ్లీ వడ్డించమనడానికి సిగ్గుపడి, గిన్నె కడిగిస్త అని చెప్పి, అడుగునున్న మాడు గోక్కొని తింటుంటే ఆశమ్మ అవ్వ చూసింది. తెల్లారి నుంచి నా కోసం వంకాయ కావాలనే మాడ్చేది. మిగిలినోళ్లంతా నన్ను తిట్టుకునేటోళ్లు.


చిక్కడపల్లి,
జూన్ 18

చిరంజీవి రమాకాంత్‌కు,

మనసు నిండా సంతోషంతో, ఇంటి నిండా మిగిలిన బొబ్బట్లతో దీవించి రాస్తున్నాం. మన సందు నీ పరువు నిలబెట్టింది.

మార్కులు అన్న మాట చదివి వినిపించగానే భానుప్రకాశ్ లేచి నిలబడ్డాడు. పరీక్షంటే ఈ పేటలో ఊరుకునేదెవరు? రోజూ సాయంత్రం మా డాబా మీద సందు సందుకంతా కోచింగు పెట్టాడు. నవ్వుతూ జవాబు చెప్పాలి, గోడకు ఆనుకోకూడదు, మార్కులు తగ్గించేది ఏదీ ఆవిడ కంట పడకూడదు. గోడల మీది నీటి చారలకు సున్నం కొట్టించాం. కాలువ మీద దుకాణాల వాళ్లు పరుచుకున్న బండలు లేపించాం, అదొక చిన్నపాటి యుద్ధం. కింద పూడిక తీస్తే ఒక సైకిలు రిమ్ము, రెండు పరుపులు, నా పెళ్లినాటి నుంచి పేరుకున్న మన్ను బయటపడ్డాయి. గడపగడపకూ ముగ్గులు, మామిడి తోరణాలు.

ఇన్‌గ్రిడ్ గారు బంగారం లాంటి మనిషి. మీ ఇళ్లలోకి నీళ్లొస్తాయా అని అడిగింది. ఇంటికొచ్చిన మనిషి ముందు మన ఏడుపులు ఏకరువు పెడతామా? ఏదో అప్పుడప్పుడు అలా వచ్చి ఇలా పోతాయండీ అన్నాను. మీ దయవల్ల అంతా సుఖమే అంది సుబ్బులు. ఆశమ్మ అసలు ప్రశ్నే వినిపించుకోలేదు. "తిన్నవా బిడ్డా, మొఖం గంత చిన్నగైంది" అంటూ కూర్చోబెట్టి గోంగూర పప్పు వడ్డించింది. ఆవిడ రెండుసార్లు పెట్టించుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. కారానికో, అభిమానానికో తెలియలేదు.

నిధి ఎప్పుడొస్తుందో రాయి. మెస్సు గడప ఎత్తు లేపడానికి మేస్త్రీని మాట్లాడి ఉంచాను.

గర్వంతో,
జోగారావు

తా.క.: భానుప్రకాశ్ అంచనా తొంభై అయిదు. ఆ అయిదూ నా వల్లే పోయాయట. నేను గోడకు ఆనుకున్నాను.


హిమాయత్‌నగర్,
జులై 9

సారుకు, అమ్మగారికి,

రమాకాంత్ తల పట్టుకొని రాసుకునేది. ఫలితం వచ్చింది. నూటికి తొమ్మిది.

సార్, ఆ మార్కులు కష్టానికి. ఎంత మునిగితే అన్ని ఎక్కువ. ఇంత చిన్న మాట మీకు వేరే చెప్పాలని నాకు తోచలేదు. మేడం రిపోర్టులో ఏం రాసిందంటే, ఈ సందు జనం వానతో హాయిగా బతకడం నేర్చుకున్నారు, హైదరాబాదులో ఇంత పొడిగా ఉన్న చోటు చూడలేదు, వేరే దేశాల వాళ్లను తీసుకొచ్చి చూపించాలి అని. మా డైరెక్టర్ మీటింగులో దానికి చప్పట్లు కొట్టించాడు. నేనూ కొట్టిన, కొట్టక తప్పలేదు.

మెస్సు బంద్ అని అవ్వ అన్న మాట గుర్తొచ్చి ఊరుకోలేకపోయిన. ఇంకొక్కసారి చూడమని మేడంను బతిమాలిన. ఆగస్టు మొదటి వారంలో వస్తనన్నది. ఈసారి సున్నం వద్దు, తోరణాలు వద్దు, పిండివంటలు అసలే వద్దు. నీళ్లొస్తే సందు ఎట్లుంటుందో ఆమె కంటికి కనపడాలి, అంతే.

మీ మీదే ఆశ పెట్టుకున్న,
రమాకాంత్

తా.క.: సుబ్బులమ్మగారి బొబ్బట్టును మేడం రిపోర్టుకు జతచేసింది. ఫోటో మాత్రమే. అసలుది ఆఫీసు దాకా రాలేదు.


చిక్కడపల్లి,
ఆగస్టు 8

చిరంజీవి రమాకాంత్‌కు,

దీవెనలు. తొమ్మిది మార్కులన్న మాట విని సందు పరువంతా పోయినట్టయింది. ఈ పేటలో అంత తక్కువ ఎవరూ ఎరగరు. భానుప్రకాశ్ అన్నానికి కూడా రాలేదు. రీవాల్యుయేషన్ ఉందని చెబితే గానీ తలుపు తీయలేదు.

నీళ్లొస్తే ఎలా ఉంటుందో కంటికి కనపడాలన్నావు. తీరా ఆవిడ వచ్చే రోజున ఆకాశంలో మబ్బు తునక లేదు. సముద్రాలు దాటి రెండోసారి వచ్చిన ఆడకూతుర్ని నీళ్లు చూపించకుండా పంపడం మనకెంత అప్రతిష్ఠ? అందరం చందాలు వేసుకుని రెండు ట్యాంకర్లు పిలిపించాం. మోసం లేదు నాయనా. ఇవి ట్యాంకరు నీళ్లేనండీ, అసలువి ఇంతకంటే బాగుంటాయి అని భానుప్రకాశ్ చేత ముందే ఇంగ్లీషులో చెప్పించాను.

ఆశమ్మ పొయ్యి బల్ల మీదికెక్కించింది. సుబ్బులు కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంది. ట్యాంకర్లు విప్పారు. నీళ్లొచ్చాయి గానీ నిలబడలేదు. బుద్ధిమంతుల్లా కాలువలోకి దిగి నాలా వైపు వెళ్లిపోయాయి. ఆవిడ చెప్పులైనా తడవలేదు. అప్పుడు వెలిగింది నాకు, ఆవిడ కోసమని పూడిక తీసి కాలువ శుభ్రం చేసింది మనమే గదా.

ఒక మాట చెబుతాను, నవ్వకు. ఆ గలగల చెవిన పడేసరికి నాకు ఆశమ్మ సంగతీ నిధి సంగతీ కూడా ఒక్క క్షణం గుర్తులేదు. ఎన్నేళ్లయిందిరా ఆ చప్పుడు విని. జేబులో ఉన్న కరెంటు బిల్లును పడవ చేసి వదిలాను. తలెత్తి చూస్తే ఇన్‌గ్రిడ్ గారు ఫోటో తీస్తోంది. మన కేసు అక్కడితో పోయిందేమో.

ఆశమ్మకు మాత్రం ఈ కాలువ మీద నమ్మకం లేదు. "ట్యాంకరు వేరు, వాన వేరు సారూ. వానకు మొహమాటం ఉండది" అంది.

దిగులుతో,
జోగారావు

తా.క.: నీళ్లు తోడిపొయ్యమని పిలిచేటోళ్లను చూసిన గానీ సందుల పొయ్యమనేటోళ్లను మిమ్మల్నే చూసిన అన్నాడు ట్యాంకరు డ్రైవరు బబ్లూ. సగం కిరాయి తగ్గించాడు, మా బుర్రల మీద జాలితో.


హిమాయత్‌నగర్,
ఆగస్టు 21

సారుకు,

రమాకాంత్ మొఖం చెల్లక రాసుకునేది. ఈసారి ఒక్క మార్కు. మన ఫైలు మూసి కింద సెల్లారులో మిగతా ఫైళ్ల పక్కన పెట్టారు. ఇక నా చేతిలో ఏమీ లేదు. అవ్వకు ఈ మాట మీరే చెప్పండి, నాకు ధైర్యం చాలదు.

రమాకాంత్

తా.క.: సున్నా వేద్దామనే అనుకున్నదట. మీ పడవ మునిగిందని ఆ ఒక్కటి.


చిక్కడపల్లి,
సెప్టెంబరు 18

చిరంజీవి రమాకాంత్‌కు,

ఇద్దరం దీవించి రాస్తున్నది.

నిన్న మధ్యాహ్నం మొదలైన వాన నువ్వూ చూసే ఉంటావు. అట్లాంటి వాన నేను చూడలేదు. హాస్టలు పిల్లలంతా పుస్తకాలు మూసి మెస్సు ముందు చేరారు. ఆశమ్మ పొయ్యి ఎక్కించలేదు. ఎందుకని అడిగితే, వస్తే పోతా గదా సారూ, ఇగ ఎక్కిచ్చుడెందుకు అంది. అప్పటికే బట్టలు మూటగట్టి పెట్టుకుంది.

నీళ్లు రోడ్డు మీది నుంచి సందులోకి వచ్చాయి. మెస్సు మెట్టు ఎక్కాయి. గడపను తాకాయి. అక్కడ కాసేపు ఆగి, ఏమనుకున్నాయో ఏమో, వెనక్కి తిరిగాయి. కాలువ మింగేసింది రా. పిల్లలు ఆశమ్మను ఎత్తుకున్నంత పని చేశారు. ఆమె వాళ్లను విదిలించుకుని, మూట అవతలకి తన్ని, పొయ్యి వెలిగించింది. నేను సుబ్బులుకు కనపడకుండా ఏడుద్దామనుకున్నాను గానీ అప్పటికే ఆవిడ ఏడుస్తోంది.

నిధి రాలేదని నువ్వు దిగులుపడకు. మెస్సు నిలబడింది. నిన్నటి నుంచి ఫోను చేస్తుంటే నీది మోగడమే లేదు. ఎలా ఉన్నావో వెంటనే రాయి.

నీ క్షేమం కోరే,
జోగారావు

తా.క.: దుకాణాల వాళ్లు మళ్లీ కాలువ మీద బండలు వేద్దామని చూశారు. నార్వే ఆవిడ మళ్లీ వస్తోందట అన్నాను, తీసేశారు. ఇక నుంచి ఏటా మే నెలలో ఎవరో ఒక దేశం వాళ్లు వస్తున్నారని పుకారు పుట్టించే పని సుబ్బులు తీసుకుంది. వచ్చే ఏటికి జపాను అనుకుంటోంది.


సెప్టెంబరు 20

సారుకు, అమ్మగారికి,

రమాకాంత్ తడి బట్టలతో మొక్కి రాసుకునేది. మీ ఉత్తరాన్ని పోస్టుమన్ మా ఆఫీసు గేటు ముందు మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఇచ్చాడు. నేను నడుం లోతులో నిలబడి తీసుకున్న.

మా ఆఫీసు మునిగింది సార్. సెల్లారులో ఫైళ్లన్నీ పోయినయి. మునిగే దేశాలను ఎట్ల కాపాడాలో రాసుకున్న పుస్తకాలు కుర్చీల మధ్య తేలుతున్నయి. ఫోను కూడా అందులోనే పడిపోయింది. ఇన్‌గ్రిడ్ మేడం వాన పడ్డ రోజు ఆఫీసులోనే ఉన్నది. మెట్ల మీద కూర్చొని మా ఆఫీసుకు మార్కులు వేసింది. తొంభై నాలుగు. నిధికి అన్ని విధాలా అర్హులమట. ఇచ్చేటోళ్లే తీసుకోవచ్చా లేదా అని ఢిల్లీని అడిగారు. ఢిల్లీ వాళ్లు వర్క్‌షాపు పెట్టి చెప్తమన్నారు.

మా డైరెక్టర్ ఎక్కడన్నా పొడి చోటు వెతకమన్నాడు. నగరంలో పొడిగా ఉన్నదని మా ఆఫీసే సంతకం పెట్టి ఒప్పుకున్న చోటు ఒక్కటే ఉంది. మీ మేడ మీది పోర్షన్ కిరాయికి ఇస్తారా? స్టాఫందరికీ మధ్యాహ్నం భోజనం అవ్వ మెస్సులోనే అని డైరెక్టర్ చేత ఒప్పించిన. ఆఫీసు ఉన్నన్ని రోజులు మెస్సుకు ఢోకా లేదు.

మీవాడు,
రమాకాంత్

తా.క.: ఈ ఉత్తరం పోస్టులో రాదు. మీకు నాలుగిండ్ల అవతల అవ్వ మెస్సులోనే కూర్చొని రాస్తున్న, మేడం కూడా పక్కనే ఉన్నది, భానుప్రకాశ్ తెచ్చి ఇస్తాడు. పొడి చోటు వెతకమంటే నారాయణగూడ నీళ్లలో పడి నా కాళ్లు నేరుగా ఇక్కడికే నడిచినయి. ఏమైందని అవ్వ అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పిన. "మునిగినోళ్లకు పైసలిచ్చే ఆఫీసే మునిగితే, మీకెవరిస్తరు బిడ్డా?" అన్నది. మేడంకు ఇంగ్లీషులో చెప్తే ఆమె మార్కుల కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నది. అవ్వే మా ఇద్దరి ముందు పళ్లాలు పెట్టింది. "సరే తియ్, నేనిస్త. ముందుగాల తినుండ్రి."