సుసు అంటే పాలట

పినాంగు దీవి

అప్పకు, నీ చెల్లెలు సీతాలు దండాలు పెట్టి రాసుకునేది. ఇక్కడ మేం ముగ్గురం చల్లగా ఉన్నాం, బెంగ పెట్టుకోకు. అమ్మ దగ్గు తగ్గిందా? బావగారి కాలు ఎలా ఉంది? ఈ మాయదారి జ్వరం మన వైపూ తిరుగుతోందని ఓడ దిగినవాళ్లు అంటున్నారు. అది విన్నప్పటి నుంచి మీరంతా కలలోకి వస్తున్నారు. నిజంగా చల్లగానే ఉన్నాం.

ఇక్కడ రోజూ మధ్యాహ్నం వాన. వెలిశాక సముద్రం, ఆకాశం ఒకటే రంగైపోయి, పడవలు గాలిలో తేలుతున్నట్టుంటాయి. జ్వరానికి భయపడి వీధంతా తలుపులు బిగించుకుంది. ఆయన రేవు ఆఫీసుకు వెళ్లిపోతే నేను, పాప, వాన చప్పుడు. పగలో కలో తెలియదు.

పాపను చూసుకునే మలాయి ముసలమ్మ మక్ మీనా గురించి రాశాను కదా. అవతలి ఒడ్డున కూతురు పురిటికి ఉంది, వెళ్లొస్తానంది. ఆమె చేత్తో తప్ప పాప పాలు తాగదు. పోనీ పంపితే, పడవలో ఎవరి జ్వరం అంటించుకుని వస్తుందో! తిరిగొచ్చాక కొన్నాళ్లు వేరే ఉండి, ఒళ్లు బాగుంటేనే ఇంటికి రమ్మని ఆయన చెప్పారు. గుండె మీద చెయ్యి వేసుకుని సరేనంది. మన మనిషి కాదు, మన మాట రాదు. నాకు ఆ చెయ్యి ఒక్కటే పూచీ.

ఆమె వెళ్లాక పాప చిక్కిపోయింది. గిన్నె చూస్తే చాలు మూతి తిప్పేసేది. నాకూ ఏడుపొచ్చేది.

ఒక సాయంత్రం గేటు దగ్గర మక్ మీనా, చేతిలో చిన్న చెంబు. పాపను చూపిస్తూ "సుసు, సుసు" అంది. నాకు సుస్తీ అని వినబడింది. జ్వరంతోనే వచ్చేసింది మాట తప్పిన మనిషి అనుకుని దడాలున తలుపు వేశాను. చెంబు గేటు దగ్గర పెట్టి వెళ్లిపోయింది. దాన్ని కర్రతో తోసేశాను. పాలు, అప్పా! తెల్లగా కాలవలో పోయాయి.

ఆయనొచ్చి విని తల కొట్టుకున్నారు. "సుసు అంటే పాలే, పిచ్చిదానా. పాప పాలు తాగినాదా అని అడిగినాది. ఆవిడ తిరిగొచ్చి శానా దినాలైనాదని పడవోళ్లు సెప్పినారు. రేవుకాడ సుట్టాలింట్లో ఉండి, ఒళ్లు బాగుందని సూసుకునే వచ్చినాది."

సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు పొద్దున మళ్లీ వచ్చింది. ఈసారి గేటు దాకా కూడా రాలేదు. నేను భయపడతానని రోడ్డుకు అవతలే నిలబడింది. పాపనెత్తుకుని గేటు తీశాను. క్షమించమనడానికి ఆమె భాషలో నాకు మాట లేదు. ఏం చెప్పాలో తోచక మనం అంటామే, అలా "మరి..." అన్నాను. ఆమె మొహం వెలిగిపోయింది. గబగబా వచ్చి పాపను అందుకుంది. వాళ్ల భాషలో మరి అంటే రమ్మనట! పాప గిన్నెడు పాలూ తాగి ఆమె భుజం మీదే నిద్రపోయింది.

ఎవరైనా ఓడెక్కుతుంటే వసకొమ్ము పంపు. పాపకు మాటలు రావాలి. కాస్త ఎక్కువే పంపు, నాకూ కావాలి.

అమ్మకు, బావగారికి నా దండాలు. పిల్లలకు ముద్దులు. పాప పచ్చగా ఉండాలని అందరూ దీవించండి. ఎప్పటిలా "మరి ఉంటాను" అని రాయబోయి ఆగాను. ఇక్కడ ఆ మాట అలా వాడితే తప్పు కదా. జ్వరాలు తగ్గి ఓడలు మామూలుగా తిరగనీ.

అప్పా, మరి.

నీ సీతాలు