అరవై నాలుగు ఎర్ర గీతలు

భాలుబాసా, జంషెడ్‌పూర్
ఆదివారం ఉదయం

చిరంజీవి సింధుకి,

నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ అమ్మా బాగానే ఉన్నాం. చెన్నైలో నువ్వు కూడా వేళకి తింటూ ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను. నీ ఉత్తరం అంది ఇరవై రోజులైంది. ఫోన్లో అమ్మ మాట్లాడుతుంటే పక్కన కూర్చుని ఊఁ కొట్టడమే గాని నాకు మాటలు రావు. అందుకే నువ్వు అడిగినవాటికి వరసగా కాగితం మీదే చెబుతున్నాను.

అమ్మ మోకాలు నయం. సాక్చీ మార్కెట్‌కి నడిచి వెళ్లి నడిచి వచ్చానని నీకు రాయమంది. వచ్చేటప్పుడు ఆటోలోనే వచ్చింది.

పనిలో ట్యాబ్ వాడటం వచ్చిందా అని అడిగావు. వచ్చింది. ఎవరూ నేర్పలేదు. ప్లాంటులో కాంట్రాక్టు పని చేసిన రోజుల్లో డ్రాయింగు చదవడం ఎలా పట్టుబడిందో ఇదీ అలాగే. నాలుగు రోజులు తప్పులు నొక్కాను, ఐదో రోజు నుంచి ఒప్పులు నొక్కాను. మేం పని చేసే డేటా సెంటర్ హాలు మొత్తం అందులో బొమ్మగా ఉంటుంది. కేబుళ్లు మోసే ట్రేలు, అవి వేలాడే రాడ్లు, ప్రతి రాడ్డుకీ ఒక చుక్క. పని కాకపోతే ఎరుపు, అయితే పచ్చ. వేలితో తిప్పితే స్లాబు పైనుంచి కూడా చూడొచ్చు. మంచి పనిముట్టు. దాని తప్పేమీ లేదని ముందే చెబుతున్నాను.

నీ మూడో మాటకి జవాబు రాయడానికే ఇరవై రోజులు పట్టింది. నువ్వు పని చేసే డేటా సెంటర్ గురించి చెబుతూ, "సర్వర్ల మధ్య నడుస్తూ తలెత్తితే నెత్తిమీద ట్రేలే కనిపిస్తాయి. బిగించింది నీలాంటి మనిషే అయి ఉంటాడనుకుని ధైర్యంగా పని చేసుకుంటాను నాన్నా" అని రాశావు.

దానికి జవాబు చెప్పాలంటే గీత సంగతి చెప్పాలి. నట్టును టార్క్ రెంచితో బిగిస్తాం. సరిపడా బిగిసినప్పుడు రెంచి చేతిలో టిక్కుమంటుంది. అప్పుడు నట్టు మీంచి రాడ్డు మీదికి ఎర్ర మార్కరుతో ఒకే గీత గీస్తాం. ఎప్పుడైనా నట్టు వదులైతే ఆ గీత విరిగి కనిపిస్తుంది. గీతకి ఫొటో తీసి ఎక్కిస్తే ట్యాబ్‌లో చుక్క పచ్చబడుతుంది. ట్యాబ్‌కి గీత కనిపిస్తుంది, టిక్కు వినపడదు.

కిందటి నెల మా రెంచి తనిఖీకి వెళ్లి ఐదు రోజులు రాలేదు. ఆ వారంలోగా రెండో వరస ట్రేల చుక్కలన్నీ పచ్చగా చూపించాలి. మా ఫోర్‌మన్ దుర్గాప్రసాద్ నీకు తెలుసుగా, టెక్కలి వైపువాడు, నన్ను బావా అంటాడు.

"బావా, గీతలు గీసీ. ఫొటోలు ఎట్టీ. బిగింపుదేటుంది, రెంచి వచ్చాక సూద్దాం," అన్నాడు.

"టైటు సెయ్యకుండా గీతేటి?" అన్నాను.

"గీతకి నోరుందేటి సెప్పడానికి? నీకూ లేదు కదా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

గీశాను సింధూ. చేత్తో తిప్పి వదిలేసిన నట్లు అరవై నాలుగింటి మీద గీశాను. రెంచి తిరిగొచ్చి వేరే హాలుకి వెళ్లిపోయింది. రోజూ చేసిన పని రాసుకునే నా పుస్తకంలో మాత్రం ఆ తేదీ కింద ఉన్నది ఉన్నట్టే రాశాను. "దుర్గాప్రసాద్ చెప్పాడు. నేను గీశాను. బిగించలేదు." రాసి, పుస్తకం మూసి ఊరుకున్నాను.

తరవాత నీ ఉత్తరం వచ్చింది. నీ నెత్తిమీద కూడా నాలాంటి మనిషే ఉన్నాడేమో అనిపించాక ఇంక ఊరుకోలేకపోయాను.

పోయిన బుధవారం నుంచి ఆ వరస మీదికి కేబుళ్లు ఎక్కించాల్సి ఉంది. సోమవారం ఉదయమే థిన్నరులో గుడ్డ ముంచుకుని నిచ్చెనెక్కి గీతలన్నీ తుడిచేశాను. ట్యాబ్‌లో పచ్చ చుక్కల్ని మళ్లీ ఎరుపు చేశాను. కారణం రాయమంది. ఇంగ్లీషులో తప్పు పోతుందని తెలుగులోనే రాశాను. పుస్తకంలో ఉన్న మూడు మాటలే.

అరగంటలో ఆ డేటా సెంటర్ కట్టించే కంపెనీ ఇంజినీరు సౌరభ్ ట్యాబ్ పట్టుకుని వచ్చాడు. వెనకాలే దుర్గాప్రసాద్.

"యే క్యా లిఖా హై, అప్పన్నాజీ?"

ఆయనకి తెలుగు రాదు, ఇదేం రాశారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే దుర్గాప్రసాద్, ఏం లేదు, పని నడుస్తోందనే రాశాడని అందుకున్నాడు. "కుఛ్ నహీ సర్. కామ్ చాలూ హై, యహీ లిఖా." వెంటనే నావైపు తిరిగి, "బావా, నోరిప్పకు. ఇప్పినావంటే ఇంటికెల్లిపోతావు," అన్నాడు.

"నహీ సర్," అన్నాను. "టైట్ నహీ కియా. ఖాలీ లైన్ మారా. మైనే మారా."

బిగించలేదు, ఉత్త గీతే గీశాను, గీసింది నేనే అని. అంతే మాట్లాడింది. హాల్లో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సౌరభ్ కేకలెయ్యలేదు. రెంచి తెప్పించాడు. "నేనే బిగిస్తాను, మీరు పక్కన నిలబడి వినండి" అన్నాను. కొన్ని నట్లు పావు చుట్టు తిరిగాయి. పదకొండు నట్లు చుట్టున్నర తిరిగాయి. ప్రతిసారీ ఆయన నా మొహం చూశాడు. నేను తల దించుకోలేదు, పనీ ఆపలేదు. అయిదింటికి అరవై నాలుగో టిక్కు పడింది. దాని తరవాతే గీత గీశాను.

ఆ సాయంత్రమే గేటు దగ్గర మా కాంట్రాక్టరు మనిషి, లోపలికి వెళ్లే నా పాస్ తీసేసుకున్నాడు. ఆరు రోజులుగా ఇంట్లోనే ఉన్నాను. నీకు ఫోన్లో చెప్పవద్దని అమ్మతో అన్నది నేనే. అమ్మ అరవలేదు. "తుడవడానికి నిచ్చెనెక్కినారు, సరే. గీయమన్న రోజే దిగిపోవాల్సిందండి," అంది. అంతకంటే తిట్టేముంది?

నిన్న దుర్గాప్రసాద్ ఇంటికి వచ్చాడు. ఎవరూ చెప్పకుండా నా అంతట నేనే గీశానని రాసి ఉన్న కాగితం తెచ్చాడు. రేపు పదింటికి బిష్టుపూర్‌లో కాంట్రాక్టరు ఆఫీసులో దానిమీద సంతకం పెడితే పాస్ తిరిగి ఇస్తారట.

"ఒక్క సంతకం బావా. నీ పని నీకుంటాది, నా పని నాకుంటాది."

"నేను గీసేనని రాయి, పెడతాను. నువ్వు సెప్పినావని కూడా రాయి."

"మజ్జిలో నా పేరెందుకు?"

"నా పేరెందుకో నీదీ అందుకే."

వంటింట్లోంచి అమ్మ, "టీ సల్లారిపోతంది, తాగీసి ఎల్లు తమ్ముడూ," అంది. తాగకుండానే వెళ్లాడు.

రేపు ఆఫీసుకి తప్పకుండా వెళ్తాను. నా పుస్తకంలో ఆ తేదీ పేజీ తెరిచి వాళ్ల బల్ల మీద పెడతాను. నా తప్పు నేను మోస్తాను. వాళ్లది మొయ్యను. పని ఇవ్వకపోతే మరో చోట అడుగుతాను. యాభై రెండేళ్ల వయసులో అడగడానికి నాకు సిగ్గు లేదు.

ఇక నీ మూడో మాటకి జవాబు. నీ నెత్తిమీద ట్రేలు బిగించింది ఎవరో నాకు తెలియదు. నాలాంటివాడే అనుకుని ధైర్యపడకు. తలెత్తినప్పుడు ఎర్ర గీత చూసి సరిపెట్టుకోకు. రెంచి పెట్టి చూపించమని అడుగు. ఎవరైనా నవ్వితే నవ్వనీ. నువ్వు మాత్రం వాళ్లతో కలిసి నవ్వకు.

ఆ కాగితం మీద రేపు నా సంతకం ఉండదు. నా సంతకం ఈ ఉత్తరం కిందే.

ఇట్లు,
నీ నాన్న
అప్పన్న