స్తోత్రం అనే పిట్ట

సుప్రజ నాన్నకు, ప్రేమజ్యోతి వందనాలు.

అత్త మోకాళ్ళు తప్ప ఇక్కడ అందరం యేసయ్య కృపలో క్షేమం. ఆ ఎడారి ఎండల్లో బండి నడిపే మీరూ క్షేమంగా ఉండాలి.

మీతో పనిచేసే ఈరేష్ అన్న చేతికిచ్చి పంపిన మీ ఉత్తరం, ఖర్జూరాలు అందాయి. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఉత్తరాలేందని అత్త ఒకటే నవ్వు. ఫోన్లో అయితే మీ పక్కన గదిలోవాళ్ళు ఉంటారు, నా పక్కన అత్త ఉంటుంది. మనిద్దరం మాట్లాడుకునేది ఎప్పుడు? అన్న సోమవారం మళ్ళీ కువైట్‌కు బయలుదేరుతున్నాడు. ఈ జవాబు ఆయన చేతికే ఇస్తున్నాను.

శనగ మొలిచిందా అని అడిగారు. బాగా మొలిచింది, మంచు కూడా పడుతోంది. నల్ల మేక రెండు పిల్లల్ని ఈనింది. అత్తకు నడవొద్దని చెప్పమన్నారు. మీ అమ్మ సంగతి మీకు తెలియనిదా! తెల్లవారితే గుట్ట దగ్గర ఉంటుంది, పైగా నన్నూ లాక్కుపోతుంది.

అలా లాక్కుపోవడానికి కారణం ఉంది. బిడ్డ పురిట్లోనే పోయాక నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ప్రార్థనకు కూర్చుంటే నోట మాట వచ్చేది కాదు. పాస్టరయ్య వచ్చి చేసినా నా పెదవులు కదల్లేదు. ఒకరోజు అత్త నా చెయ్యి పట్టుకుని లేపింది.

"లెయ్యమ్మే. ప్రార్థన రాకుంటే రాకపోనీ, కాళ్లయితే ఉండాయి గదా. గుట్ట దాంకా పోయొచ్చాం పా."

ఆమెతో నడవడం ఒక తమాషా. కనిపించిన ప్రతిదానికీ "స్తోత్రం" అంటుంది. సూర్యుడికి, రేగుపండుకు, తుమ్మచెట్టు మీది గూటికి, అన్నిటికీ. ఒకరోజు రాయి కింద నుంచి తేలు వచ్చింది. దానికీ స్తోత్రం అని, ఆ వెంటనే చెప్పు తీసి ఒక్కటేసింది.

"ఏందత్తా, స్తోత్రం చెప్పి మల్లా సంపుతావా?" అన్నాను.

"కుట్టల్యా గదమ్మే! దానికి చెప్పినా స్తోత్రం," అంది.

పాప కూడా మా వెంట వస్తుంది. మొన్న బడిలో శివకుమారి టీచర్ పిట్టల బొమ్మలు చూపించి పేర్లడిగిందట. కౌజుపిట్ట బొమ్మ దగ్గర మన పాప లేచి, "అది స్తోత్రం టీచర్, మా గుట్ట కాడ శానా ఉండాయి," అందట! పొదలో కౌజులు అరిచినప్పుడల్లా అవ్వ ఆ మాటే అంటుంటే, అదే పిట్ట పేరనుకుంది పిచ్చితల్లి. టీచర్ చెబుతుంటే పొట్ట పట్టుకుని నవ్వాను. బిడ్డ పోయాక నేను నవ్వింది అదే మొదలు. ఇంటికొచ్చి అత్తకు చెప్పాను. ఆమె నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది.

మర్నాడు పొద్దున గుట్ట దగ్గర పాప నా కొంగు పట్టి లాగింది. ముళ్ళపొదలోంచి తల్లి కౌజు బయటికొచ్చింది, దాని వెనకే వేలెడంతేసి పిల్లలు, ఒకదాని వెనక ఒకటి. కాలిబాట దాటుతూ తల్లి ఆగింది. చివరి పిల్ల వచ్చేదాకా కదల్లేదు.

"మా, దాని పేరేంది, చెప్పు," అంది పాప.

"స్తోత్రం," అన్నాను.

పిట్ట పేరే చెప్పానో, దేవునికే చెప్పానో నాకు తెలియదు. అక్కడే రాయి మీద కూర్చుని ఏడ్చాను. ఆ ఏడుపుతో గుండె తేలికైంది. అంత చిన్న ప్రాణాలను అంత శ్రద్ధగా చేసినవాడు నా బిడ్డను మరిచిపోయి ఉండడు అనిపించింది. అత్త నా పక్కన కూర్చుని వీపు నిమిరింది.

ఇక అసలు మాట రాయాలి. నాలో ప్రార్థన ఎందుకు ఎండిపోయిందో మీకు చెప్పలేదు. బిడ్డ పోయిన రోజు మీరు ఫోన్ చేసి, "దేవుని చిత్తం, ఏడవొద్దు," అన్నారు. మీ గొంతులో తడి లేదు. ఆ మాటతో మీ మీదా, ఆయన మీదా ఒకేసారి మనసు విరిగిపోయింది. మీరు తిరిగొస్తే ఒక ఇంట్లో ఎలా ఉండాలా అని కూడా అనుకున్నాను. ఇన్నాళ్ళూ ఫోన్లో మామూలుగా మాట్లాడింది అత్త కోసం, పాప కోసం.

నిన్న ఈరేష్ అన్న వచ్చినప్పుడు ఒక సంగతి చెప్పాడు. ఆ రోజు నాతో మాట్లాడాక మీరు బండి రోడ్డు పక్కన ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చారట. ఎవరు లేపినా లేవలేదట. ఆ ఏడుపు ఆ రోజే నాకు వినిపించి ఉంటే చాలేది కదండీ. ఎందుకు దాచుకున్నారు?

వచ్చే నెల సెలవుకు వస్తానన్నారు, రండి. వాడిని పెట్టిన చోటికి మనిద్దరం పోదాం. అక్కడ నాకు వాక్యం చెప్పొద్దు, నన్ను ఊరుకోబెట్టొద్దు. నా పక్కన నిలబడి ఏడవండి. చాక్లెట్లు, దుప్పట్లు ఏమీ తేవద్దు. మనం వాడికి పేరు కూడా పెట్టలేదు. వచ్చేటప్పుడు వాడికొక పేరు తెండి.

ఇట్లు,
మీ ఇద్దరు బిడ్డల తల్లి,
ప్రేమజ్యోతి