పాఠం నాది, చప్పట్లు ఆమెకు

జనవాడ, మంగళవారం రాత్రి

బడి ముందు మురుగు పారే మోరీ మీద ఇవాళ బండలు పరిచారు. అది నా వల్ల కాదు, కన్నడ టీచర్ సుజాత వల్ల. ఉత్తరాలు రాయడం నేర్పే పీరియడ్‌లో ఎనిమిదో తరగతి పిల్లల చేత దాన్ని మూయించమని పంచాయతీకి అర్జీ రాయించింది. వాళ్లను గ్రామసభకు తీసుకెళ్లి అందరి ముందూ చదివించింది.

సివిక్స్ చెప్పేది నేను! వారానికి ఇంకొక్క పీరియడ్ ఇవ్వమని మూడేళ్లుగా అడుగుతున్నాను. "ఆ నాలుగు మార్కులకు ఇంకో పీరియడ్ ఎందుకు సార్?" అనే హెడ్మాస్టరే పొద్దున ప్రార్థనలో ఆమెకు చప్పట్లు కొట్టించాడు. నేనూ కొట్టాను, అందరికంటే గట్టిగా.

అన్నం తింటుంటే, అదే తరగతిలో చదివే మా మీనా అడిగింది. "బాపూ, గ్రామసభల మస్తు మంది ఉన్నరు. నువ్వెన్నిసార్లు పోయినవ్?"

గ్రామసభ విధులు పదకొండేళ్లుగా పిల్లల చేత బట్టీ పట్టిస్తున్నాను. ఒక్కసారీ వెళ్లలేదు.

"శానసార్లు పోయిన బిడ్డా," అన్నాను. నమ్మింది.

వచ్చే సభకు వెళ్లాలనే ఉంది. కానీ వెళ్తే, సుజాతను చూసి నేర్చుకున్నాడంటారు.