రెండో తాళం

బావా,

రాత్రంతా ఆగి ఉంటే కారు ముందువైపు కుంగిపోతోందని కంగారుపడుతూ రాశావు. అంత ఖరీదైన కార్లకి స్ప్రింగుల బదులు గాలి తిత్తులుంటాయి, పాతబడితే అంతే. స్టార్ట్ చేసి, బాడీ పైకి లేచాకే కదిలించు. రేడియేటర్లో కుళాయి నీళ్లు పొయ్యకు. సెకండ్ హ్యాండులో చవగ్గా వచ్చింది కదా అని చవక ఆయిల్ పోశావో, జేబుకి చిల్లే. ఇవన్నీ నాన్న మాటలే. నువ్వడిగినవన్నీ ఏదో ఊసుపోక అడిగినట్టు ఆయన్నే అడుగుతున్నాను.

కారు నీకు అమ్మేసిన సంగతి మంచాన ఉన్న మనిషికి చెప్పలేకపోయాను. రిపేరుకిచ్చాం, పార్టు విదేశం నుంచి రావాలి అన్నాను. ఆ కార్ల పార్టులు ఓ పట్టాన రావు కదా, నమ్మేశారనుకున్నాను. పొద్దున్నే "పార్టు వచ్చిందామ్మా?" అని ఆయన అడిగితే, మందులు చేతికిచ్చి మొహం తిప్పుకునేదాన్ని. నువ్వు రెండో తాళం అడిగితే పోయిందన్నాను చూడు, అది ఆయన దిండు కిందే ఉంది. తియ్యడానికి నాకు చేతులు రాలేదు.

నిన్న దుప్పటి మారుస్తుంటే ఆయనే తీసి నా చేతిలో పెట్టారు.

"కొన్నాయనకి పంపించమ్మా. ఆ కారుకి ఒక్క తాళమే ఉంటే, అది పోయిన రోజు పాపం చాలా ఇబ్బంది పడతాడు."

కవర్లో పెట్టాను, జాగ్రత్త.

ఇవాళ పొద్దున్న ఆయన పార్టు ఊసెత్తలేదు. ఎత్తితే బాగుండేది బావా.

నీ మరదలు